ఇల్లు – వాడ – బడి

చెన్నపురిలోని తెలుగువారి మధ్య గత పదేండ్లుగా ఒక ప్రశ్న పలుమారు తలయెత్తినది. తెలుగు మాధ్యమమున చదివిన బిడ్డ పదవతరగతిలో తమిళపు పరీక్ష వ్రాయవలెనా, వ్రాయనక్కరలేదా? తమిళనాడు శాసనసభ 2006లో చేసిన తమిళాభ్యసన శాసనము 2006–07 విద్యాసంవత్సరమున ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున పైకెక్కి, 2015–16 నాటికి పదవతరగతిని చేరినది. అంతకుముందు మొదటి భాగమున తన మాతృభాషను చదువుకొనుచుండిన తెలుగుబిడ్డకు ఆ స్థానమున తమిళము వచ్చెను. తెలుగు నాలుగవ భాగమునకు, అనగా ఐచ్ఛికమునకు, జరిగెను. తమిళము చెప్పు ఉపాధ్యాయుని ముఖమే చూడని బడులు కలవనియు, అచ్చటి పిల్లలను ఆ పరీక్షకు కూర్చుండబెట్టుట న్యాయము కాదనియు అల్పసంఖ్యాక భాషలవారు హైకోర్టునకు పోయిరి. 2016లో వారికి ఊరట లభించెను. 2023 ఫిబ్రవరిలో సుప్రీము కోర్టు ఆ మినహాయింపును మరియొక యేడు పొడిగించెను.

ఈ వ్యవహారమును గూర్చి మన సభలలో జరుగు ఉపన్యాసములు సాధారణముగా భాషాభిమానము చుట్టును తిరుగుచుండును. తెలుగు తల్లికి అన్యాయము జరిగినదని ఒకరు, తమిళగడ్డపై నివసించుచు తమిళము వద్దనుట తగదని మరియొకరు వాదింతురు. రెండు వాదములందును కొంత సత్యము లేకపోలేదు. మాకు మాత్రము ఇది భాషల తగవు కంటె ఇండ్ల తగవుగా కనబడుచున్నది. శాసనము ఒక్కటే, అది వ్రాలిన ఇండ్లు వేరు.

త్యాగరాయనగరములో ఒక న్యాయవాది యింటిని తలచుకొందము. ఆ యింటి బాలుడు ఆంగ్ల మాధ్యమపు బడికి పోవును. 2014లో వెలువడిన ప్రభుత్వోత్తరువు ననుసరించి 2015–16 నుండి కేంద్ర పాఠ్యప్రణాళికను నడపు బడులకును తమిళము క్రమముగా ప్రవేశించినది గనుక ఆ బాలుడును తమిళము చదువక తప్పదు. కాని ఆ యింట అది ఒక సమస్యయే కాదు. సాయంకాలము ప్రైవేటు చెప్పు పంతులమ్మ వచ్చును. తల్లి పట్టభద్రురాలు, పాఠము తెలియకున్నను, పాఠము చదువు పద్ధతి తెలిసిన మనిషి. పిల్లవానికి ఒక బల్ల, ఒక దీపము, ఒక తలుపు కలవు. ఆ తలుపు వేసికొనవచ్చును. మార్కులు తగ్గినచో తండ్రి ప్రధానోపాధ్యాయుని యెదుట కూర్చుండి మాటలాడగలడు. ఇన్నియు ఆ పిల్లవాని ప్రతిభ లెక్కలోనే జమ యగుచున్నవి. అందులో ఇంటి పాలెంతయో విడదీసి చూచువారు అరుదు.

ఇప్పుడు ఆ వీథిని ఉదయమున ఊడ్చు స్త్రీ యింటిని చూతము. చెన్నపట్టణపు పారిశుధ్య కార్మికులలో తరతరములుగా తెలుగు మాటలాడు కుటుంబములు అనేకములున్నవను సంగతి పాఠకులకు క్రొత్తది కాదు. వారి పెద్దలు నెల్లూరు మొదలగు సీమలనుండి వచ్చి నగరపు మురికిని మోసిరి. ఈ స్త్రీ తెల్లవారకమునుపే పనిలోనికి పోవును. పెద్దపిల్ల గంజి కాచి, తమ్ముని నిద్రలేపి, వానికి చొక్కా తొడిగి, వానితో కలిసి బడికి పోవలెను. ఇల్లు ఒక్క గది. అందులోనే వంట, నిద్ర, టెలివిజను, వచ్చిపోవు చుట్టములు. పుస్తకము విప్పవలెనన్న అందరును నిద్రపోవలెను. అందరును నిద్రపోవునప్పటికి పిల్లయు నిద్రపోవును. ఇంట తెలుగు, వీథిలో తమిళము, బడిలో మొదట తెలుగు పుస్తకము, తరువాత తమిళ పుస్తకము, రెంటి పైన ఆంగ్లము. ప్రగతి పత్రముపై సంతకము చేయుటకు తల్లి వ్రేలిముద్ర వేయవలసినచో ఆ పిల్ల సిగ్గుపడి తానే సంతకము చేసికొనును.

ఈ రెండవ యింటిని గూర్చి "చదువు వాతావరణము లేని యిల్లు" అని తేలికగా అనివేయుట మన విద్యావంతులకు అలవాటు. మేము దీనిని ఒప్పుకొనము. ఆ పన్నెండేండ్ల పిల్ల తన యవ్వకు ఆస్పత్రిలో డాక్టరు తమిళమున చెప్పిన మాటలను తెలుగున చెప్పును; అవ్వ బాధను డాక్టరునకు తమిళమున విన్నవించును. రేషను దుకాణములో తూకము, లెక్క, కార్డు చూచుకొనునది ఆమెయే. రెండు భాషల మధ్య ఇంత సులువుగా నడచు నేర్పు త్యాగరాయనగరపు బాలునికి ఉన్నదో లేదో మేము చెప్పజాలము. లోపము ఆ యింట లేదు. ఆ యింటిలో నున్నదానిని లెక్కించు కొలబద్ద బడివద్ద లేదు. రెండు భాషలు తెలిసిన పిల్ల బడిలో రెండు భాషలందును వెనుకబడినదిగా నమోదగును.

విద్యాశాస్త్రజ్ఞులు ఈ విషయమును చాలకాలముగా తర్కించుచున్నారు. అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ అను సంఘశాస్త్రజ్ఞుని నాయకత్వమున సుమారు 6 లక్షల మంది విద్యార్థులను పరిశీలించి 1966లో ఒక నివేదికను ప్రకటించిరి. బడులకు పెట్టు ఖర్చులోని తేడాల కంటె పిల్లవాని కుటుంబస్థితియే చదువును ఎక్కువగా నిర్ణయించుచున్నదని అందు తేలెను. ఆ మాట నాడు పెద్ద దుమారము లేపినది. బడులపై డబ్బు వెచ్చించుట వ్యర్థమని వాదించువారికి అది ఆయుధమైనది. కాని అదే నివేదికలో మరియొక సంగతి గలదు. పిల్లవాని ప్రక్క బల్లపై ఎట్టి యింటి పిల్లవాడు కూర్చుండుననునదియు వాని చదువును మార్చునని అది చెప్పినది. ఆ పిదప 1983లో హేనెమన్, లాక్స్‌లీ అను ఇరువురు పరిశోధకులు 29 దేశముల లెక్కలు సరిచూచి, బీదదేశములందు ఇంటి కంటె బడియు, ఉపాధ్యాయుడును ఎక్కువ ప్రభావము చూపుచున్నట్లు కనుగొనిరి. ధనిక దేశమున బడులన్నియు ఒక మట్టమునకు వచ్చియుండును గనుక తేడా ఇండ్లలో తేలును; బీదదేశమున బడియే ఒకచోట నుండి యొకచోట లేకుండును గనుక తేడా బడిలో తేలును. మన పారిశుధ్య కార్మికుల బిడ్డకు ఈ రెండును వర్తించుచున్నవి. ఇంటి కొరతను బడి తీర్చవలెను. ఆ బడియే ప్రతి యేడును చిక్కిపోవుచున్నది.

ఎందుకు చిక్కిపోవుచున్నది? ఇచ్చట ఒక పాత సూత్రమును పాఠకులకు జ్ఞాపకము చేయవలసియున్నది. 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఒక తీర్మానము చేసినది. ప్రాంతీయభాష మాతృభాష కాని పిల్లలు ఒక బడిలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఉన్నచో వారికి ప్రాథమిక విద్యను వారి మాతృభాషలో నేర్పుటకు కనీసము ఒక ఉపాధ్యాయుని నియమించవలెనని దాని సారాంశము. 1956లో రాజ్యాంగమునకు చేసిన ఏడవ సవరణ ద్వారా 350-ఏ అధికరణము చేరి, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రయత్నించుట ప్రతి రాష్ట్రమునకును విధి యైనది.

పది, నలుబది అను ఈ సంఖ్యలు చూచుటకు ఉదారముగనే యున్నవి. వానిలోని మెలిక యేమనగా, బిడ్డ హక్కు బిడ్డ యొక్క అక్కరపై కాక, పొరుగింటి బిడ్డ యెక్కడ చేరెనను దానిపై ఆధారపడును. తరగతిలో పదునొకండుగురు తెలుగుబిడ్డలుండగా గుమాస్తా యొకడు తన కొడుకును ఆంగ్ల మాధ్యమమునకు మార్చును. పదిమంది మిగులుదురు. తరువాతి యేడు మేస్త్రీ తన కూతును మార్చును. తొమ్మిదిమంది మిగులుదురు. ఆ తొమ్మిదిమంది ఏ తప్పును చేయలేదు. వారి యిండ్లలో ఏ మార్పును రాలేదు. ఐనను వారి ఉపాధ్యాయుడు పోవును. పోవునప్పుడు ముందు పోయినవారు స్తోమతుగలవారు, కడపట మిగిలినవారు ఎక్కడికిని పోజాలనివారు. కోల్‌మన్ చెప్పిన ప్రక్కబల్ల సంగతి ఇచ్చట రెండు విధముల పనిచేయుచున్నది: చదువుకొనిన యింటి పిల్లవాడు లేచిపోయినచో వాని సాంగత్యము పోవుటయే కాదు, బల్లయే పోవును.

మా పాఠకులలో అనేకులు న్యాయవాదులు, వైద్యులు, ఇంజనీర్లు, ఆడిటర్లు, బ్యాంకులలోను కంపెనీలలోను ఉన్నతోద్యోగులు. వారి పిల్లలెవ్వరును తెలుగు మాధ్యమమున చదువుట లేదని మేము తప్పు పట్టుటలేదు. బిడ్డకు ఏది మేలో తలచుకొనుట తల్లిదండ్రుల హక్కు. 2014లో సుప్రీము కోర్టు కర్ణాటకపు బోధనాభాషా వ్యాజ్యమున, బిడ్డకు మాతృభాష యేదో, బోధనాభాష యేదో నిర్ణయించుకొను స్వేచ్ఛ తల్లిదండ్రులదేయని తీర్పు చెప్పినది. కాని ఆ స్వేచ్ఛను డబ్బున్న యిల్లు ఒక రీతిగను, డబ్బులేని యిల్లు మరియొక రీతిగను అనుభవించుచున్నది. మొదటి యిల్లు ఎంచుకొనును. రెండవ యిల్లు మొదటి యిల్లు ఎంచుకొనగా మిగిలినదానిని పుచ్చుకొనును. ఉగాది నాడు వేదికపై తెలుగు బడుల దుస్థితికి కన్నీరు కార్చు పెద్దలు, ఆ దుస్థితికి ప్రథమ కారణము మనవారు తొలగిపోవుటయేయని ఒప్పుకొనిన సందర్భము మాకు జ్ఞాపకము రాలేదు.

2011 జనాభాలెక్కలలో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకొనినవారు సుమారు 42 లక్షలు. రాష్ట్ర జనాభాలో నూటికి ఆరుగురికి కొంచెము తక్కువ. ఇది తెలుగని చెప్పుకొనినవారి లెక్క. చెప్పుకొనని యిండ్లును కలవు. బడిలో చేర్చునప్పుడు దరఖాస్తులో మాతృభాష అను గడి యొకటి యుండును. ఆ గడిలో తెలుగు అని వ్రాసిన ఏమి చిక్కు వచ్చునోయని వెరచి తమిళమని వ్రాయించు తల్లిదండ్రులు కలరు. ఆ ఒక్క మాటతో ఆ బిడ్డ పదిమందిలో లెక్కకు రాదు. కోయంబత్తూరు, ఈరోడు, సేలము ప్రాంతముల అరుంధతీయ కుటుంబములలో తెలుగే ఇంటిభాషగా గలవారు పెక్కురు. 2009లో తమిళనాడు ప్రభుత్వము షెడ్యూల్డు కులముల 18 శాతములోనే వారికి 3 శాతము ప్రత్యేకించి శాసనము చేసినది. షెడ్యూల్డు కులములలో ఇట్లు ఉపవర్గీకరణము చేయవచ్చునని 2024 ఆగస్టు 1వ తేదీన సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. కళాశాల గుమ్మమువద్ద వారికి మేలు జరిగినదని మేము సంతోషించుచున్నాము. కాని ఒకటవ తరగతి గుమ్మమువద్ద, ఇంట తెలుగు వినుచు పెరిగి బడిలో మొదటిసారి తమిళ లిపిని చూచు అయిదేండ్ల బిడ్డను గూర్చి ఆ లెక్కలలో ఒక గడి లేదు. కులము గడిలో కనబడినవాడు భాష గడిలో మాయమగుచున్నాడు.

హోసూరు వైపు స్థితి కొంత వేరు. 2004లో ధర్మపురినుండి విడివడిన కృష్ణగిరి జిల్లాలో ఊళ్లకు ఊళ్లే తెలుగు మాటలాడును. అచ్చట ఇల్లు తెలుగు, వీథి తెలుగు, సంత తెలుగు. అందుచేత తెలుగు బడికి వాడ అండ యున్నది. చెన్నపురిలో ఆ అండ లేదు. ఇచ్చట తెలుగిండ్లు ఒకదానికొకటి దూరముగా తమిళపు వీథులలో చెదరియున్నవి. ఒకచోట గుంపుగా నున్నవి బీదల పేటలే.

బడి ఇంటికి నడచి వచ్చిన సంవత్సరమును ఒకదానిని మనము చూచితిమి. 2020లో కరోనా వ్యాధి వలన బడులు మూతపడినప్పుడు పాఠములు చేతిఫోనులో వచ్చెను. ఆ యేడు గ్రామసీమలలో జరిపిన అసర్ పరిశీలనలో బడిపిల్లలున్న ఇండ్లలో నూటికి 61.8 యిండ్ల స్మార్టుఫోను ఉన్నట్లు తేలినది. 2018లో అది 36.5 మాత్రమే. అంకె పెరిగినదని సంబరపడినవారున్నారు. ఇంట ఒక్క ఫోనుండి, అది తండ్రితో పనికి పోవునప్పుడు, ముగ్గురు పిల్లలకు అది ఏ పాటిదో ఆ యిండ్లవారికి తెలియును. బడి అను నాలుగు గోడలు తొలగగా పిల్లల మధ్య నున్న తేడా ఎంతటిదో ఒక్కమారుగా కనబడినది. బడి ఎంత చెడ్డదైనను, ఆరు గంటలపాటు ఆ పిల్లకు తమ్ముని ఎత్తుకొనవలసిన పని లేకుండ చేయుచుండెనను సంగతియు అప్పుడే తెలిసినది.

ఇంటి కొరతను వాడ తీర్చుట మన సంఘమునకు తెలియని విద్య కాదు. ఒకనాడు బీద విద్యార్థి వారములు చేసికొని చదువుకొనెడివాడు. రోజునకొక యింట భోజనము, ఏ అరుగు మీదనో నిద్ర. టంగుటూరి ప్రకాశముగారు బాల్యముననే తండ్రిని కోల్పోగా, ఆయన తల్లి ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడపి పిల్లలను చదివించెను. ఉపాధ్యాయుడగు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ బాలుని చేరదీసెను. ఆ బాలుడే తరువాత ఈ చెన్నరాజధానికి ముఖ్యమంత్రి యయ్యెను. హైదరాబాదు రాజ్యమున ఉన్నతవిద్య ఉర్దూలో నడచుచుండిన కాలమున, 1918లో నెలకొన్న రెడ్డి వసతిగృహము పల్లెలనుండి వచ్చిన తెలుగు పిల్లలకు కూడును నీడయు నిచ్చుటయే కాక, తెలుగు పుస్తకము చదువుకొను చోటు కూడ నయ్యెను. సురవరము ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణలో చాలకాలము పనిచేసిరి. బడి భాష వేరు, ఇంటి భాష వేరు అయినప్పుడు ఆ రెంటి మధ్య ఒక మూడవ చోటు కావలెనని ఆనాటివారు గ్రహించిరి.

ఈ పాత కథలను పొగడునప్పుడు ఒక మాట దాచరాదు. వారముల భోజనము అన్ని కులముల పిల్లలకును దొరకలేదు. ఆడపిల్లకు అసలే దొరకలేదు. వసతిగృహములు చాలవరకు ఏ కులమువారికి ఆ కులమువారు కట్టుకొనినవే. నేడు తెలుగు బడిలో కడపట మిగిలిన పిల్ల, ఆనాడు ఏ యింటి అరుగుమీదను కూర్చుండనీయబడని కుటుంబమునుండి వచ్చిన పిల్ల. గనుక ఆమెకు మనము క్రొత్తగా చేయబోవునది ఉపకారము కాదు, చాలకాలముగా బాకీ యున్నది.

ఇక తమిళపు పరీక్ష సంగతి. మినహాయింపు కోరుట నాటి పిల్లల వరకు న్యాయమే. నేర్పనిదానిని అడుగరాదు. కాని ఏటేట కోర్టునకు పోయి మినహాయింపు తెచ్చుకొనుటయే మన విద్యావిధానమైనచో, ఆ పిల్ల ఈ నగరమున తమిళ లిపి రానిదై పెరుగును. త్యాగరాయనగరపు బాలుడు తమిళము రాకున్నను బెంగుళూరికో, అమెరికాకో పోవును. ఈమె ఎక్కడికి పోవును? ఆమె ఉద్యోగము ఇచ్చటనే, ఆమె అర్జీ ఇచ్చటి కచేరిలోనే. ఆమెకు తమిళము కావలెను, బాగుగా కావలెను. తెలుగు మీదుగా కావలెను. ఒక భాషలో చదువుట, వ్రాయుట గట్టిపడిన బిడ్డ రెండవ భాషను ఆ బలముతోనే అందుకొనునని జిమ్ కమిన్స్ 1979 నుండియు చెప్పుచున్నాడు. బోధన మాతృభాషలో మొదలు కావలెనని యునెస్కో 1953లోనే ప్రకటించినది. 2009 నాటి విద్యాహక్కు శాసనములోని 29వ విభాగము సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధన జరుగవలెనని చెప్పుచున్నది. గనుక అడుగవలసినది పరీక్షనుండి విడుదల కాదు. తెలుగు తెలిసిన తమిళ ఉపాధ్యాయుడు, ఒకటవ తరగతినుండి.

త్రిభాషాసూత్రమును గూర్చి 2025లో కేంద్ర రాష్ట్రముల మధ్య జరిగిన పెద్ద రభసలో హిందీని గూర్చి పుటలకు పుటలు వ్రాసితిమి, చదివితిమి. తమిళనాట రెండు భాషలే చాలునని 1968 నుండి రాష్ట్రము నిలుచుచున్నది. ఆ రెండింటిలో ఏదియు తన యింటిది కాని బిడ్డ గతి యేమను ప్రశ్న ఆ కోలాహలమున మాకు గట్టిగా వినబడలేదు. ఆ ప్రశ్న వేయవలసినవారు ప్రభుత్వముగాని, ద్రావిడ పక్షములుగాని, కేంద్రముగాని కాదు, మనమే.

జూను నెలలో బడులు తెరచును. అంతకుమునుపు ఏప్రిలు, మే నెలలలో ఏయే ప్రభుత్వపు బడిలో, ఏయే నగరపాలక బడిలో తెలుగు తరగతి పదిమంది అంచున నున్నదో తెలిసికొనుట కష్టము కాదు. ఒక సెలవుదినమున నలుగురు న్యాయవాదులు తిరిగినచో తేలును. దరఖాస్తులోని మాతృభాష గడిని గూర్చి ఆ పేటల తల్లులకు చెప్పువారు కావలెను. ప్రధానోపాధ్యాయుడు తెలుగని వ్రాయుటకు సంశయించినచో 350-ఏ అధికరణమును వినయముగా జ్ఞాపకము చేయువారు కావలెను. సాయంకాలము ఆరుగంటలనుండి ఎనిమిదింటివరకు ఒక దీపము, నాలుగు బల్లలు, తెలుగును తమిళమును రెండును వచ్చిన ఒక మనిషి, తల్లి పనినుండి తిరిగివచ్చువరకు తమ్ముని చూచుకొనుటకు మరియొక మనిషి. ఈ కడపటిది లేనిచో పెద్దపిల్ల ఆ గదికి రాజాలదు. గదికి అద్దె, ఇరువురికి జీతము: మన సంఘములలో ఒక్కొక్కటి ఉగాది సన్మానములకు వెచ్చించు శాలువల ఖర్చును ప్రక్కన పెట్టి లెక్కవేసినచో, ఒక పేటకు ఒక యేడు ఎంతమట్టుకు సరిపోవునో ఆ సంఘముల కోశాధికారులే చెప్పగలరు.